లేజరు చికిత్స తరువాత ముఖచర్మ రక్షణ

మానవశరీరమునకు చర్మమువంటి కావలివాడు వేరొకడు లేడు. ఎండకు, వానకు, దుమ్మునకు, కంటికి కానరాని క్రిములకు ఎదురుగా నిలిచి రాత్రింబగళ్లు లోపలి అవయవములను కాపాడునది చర్మమే. ఆ కావలివానిని కొన్ని దినములపాటు మనమే బుద్ధిపూర్వకముగా తొలగించి, కొత్తవాడు వచ్చి నిలుచువరకు ఇంటిని మనమే కాచుకొనవలసిన సందర్భ మొకటి ఈ కాలమున ఏర్పడినది. అదియే లేజరు కిరణములతో ముఖచర్మమును నునుపుచేయు చికిత్స. మొటిమలు మానిన పిమ్మట మిగిలిన గుంటలను, ఆటలమ్మ మచ్చలను, గాయముల గుర్తులను, వయసుతో వచ్చు ముడుతలను తగ్గించుకొనుటకై మన పట్టణములలో పలువురు ఈ చికిత్స చేయించుకొనుచున్నారు. చికిత్స సుమారొక గంటలో ముగియును. దాని ఫలితమును నిలుపునవిగాని, చెఱచునవిగాని తరువాతి రెండు వారములు. ఆ రెండు వారములు రోగి వైద్యుని బల్లమీద ఉండడు, తన ఇంటిలో ఉండును. కావున ఈ ప్రసంగమున యంత్రమునుగూర్చి కొంచెముగను, ఇంటివారు చేయవలసిన పనినిగూర్చి విపులముగను చెప్పదలచినాము.

మొదట చర్మపు కట్టడమును తెలిసికొందము. చర్మమున ముఖ్యముగా రెండు పొరలు కలవు. పైనున్నది బాహ్యచర్మము. ముఖమున దాని మందము మిల్లీమీటరులో పదియవ వంతునకు కొంచెము అటునిటుగా ఉండును. అంత పలుచనిదైనను నీటిని లోపల నిలుపుటయు, క్రిములను వెలుపల నిలుపుటయు దాని పనియే. దాని క్రింద నున్నది అంతశ్చర్మము. రక్తనాళములు, నాడులు, వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు అన్నియు ఇందులోనివే. చర్మమునకు బిగువునిచ్చు కొలాజెన్ అను పోగులు కూడ ఇచ్చటనే అల్లుకొని ఉండును. ఇందొక విశేషమున్నది. బాహ్యచర్మపు కణములు పైననేగాక వెంట్రుకల కుదుళ్ల గోడలవెంట లోతువరకు దిగి ఉండును. పైపొర అంతయు పోయినను కుదుళ్లలో మిగిలిన కణములు విత్తనములవలె పనిచేసి, పైకి ప్రాకి, ఒకదానితో నొకటి కలిసి కొత్త పొరను కట్టును. ముఖమున ఇట్టి కుదుళ్లు విస్తారము. అందుచేతనే ముఖము త్వరగా మానును. మెడమీద అవి తక్కువ కాబట్టి అచ్చటి గాయము ఆలస్యముగా మానును, మచ్చపడుట కూడ అచ్చట ఎక్కువ.

ఇక లేజరు సంగతి. 1960వ సంవత్సరమున అమెరికాలో థియోడర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపుకడ్డీతో మొదటి లేజరు కిరణమును వెలువరించెను. 1964లో బెల్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు వాయువుతో పనిచేయు లేజరును కనిపెట్టెను. ఆయన మహారాష్ట్రమందలి బారామతిలో జన్మించిన భారతీయుడగుట మనకు సంతోషకరమైన విషయము. ఈ కిరణము కంటికి కానరాదు. దీనిని నీరు మిక్కిలిగా పీల్చుకొనును. మన కణములలో అధికభాగము నీరే గనుక, కిరణము తాకినచోట ఆ నీరు క్షణములో ఆవిరియై పలుచని పొర లేచిపోవును. దాని వేడి కొంత లోపలికి దిగి పాత కొలాజెన్ పోగులను కుదించి, కొత్తపోగులు పుట్టుటకు ప్రేరణ కలిగించును. ఎర్బియం లేజరను మరొక రకము కూడ ఇట్లే పనిచేయును గాని అది లోపలికి దించు వేడి తక్కువ.

మొదట ఈ చికిత్సలో ముఖమంతటి పైపొరను ఒక్కసారిగా తీసివేయుచుండిరి. 2004లో వేరొక పద్ధతి వెల్లడియైనది. గుమ్మడి పాదులు పెట్టు రైతు దొడ్డినంతను త్రవ్వడు. ఇక్కడొక పాదు, అక్కడొక పాదు త్రవ్వి, నడుమ నేలను కదలింపక విడుచును. అట్లే కిరణమును సన్నని చుక్కలుగా విభజించి, చుక్కకు చుక్కకు నడుమ ఆరోగ్యమైన చర్మమును ముట్టక విడుచుదురు. ఆ విడిచిన చర్మమే ప్రక్కనున్న చిన్న గాయమును పూడ్చును. పైపొర అంతయు తీసినచో చర్మము కప్పుకొనుటకు సాధారణముగా వారమునుండి పదిదినములు, ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టును. చుక్కల పద్ధతిలో మూడునుండి ఆరు దినములలో కప్పుకొనును. మన దేశపు చర్మచ్ఛాయలకు ఈ రెండవ పద్ధతియే ఎక్కువగా వాడబడుచున్నది. అయినను ఇది గాయము కాదనుకొనుట పొరపాటు. వేలకొలది సన్నని రంధ్రములు గల చర్మము తలుపులు తెరచిన ఇంటివంటిదే.

మానుటలో సహజముగా కనబడు లక్షణములను ముందే తెలిసికొన్నచో అనవసర భయము తప్పును. మొదటినాడు ముఖము ఎండకు కమిలినట్లు మండును, ఎఱ్ఱబడును. తేటనీరు వంటి రసి ఊరును. రెండవనాడో మూడవనాడో వాపు మిక్కిలిగా ఉండును, కనురెప్పలు బరువెక్కును. తలక్రింద మరియొక దిండు వేసికొని పండుకొన్నచో ఈ వాపు కొంత తగ్గును. పిమ్మట పలుచని పొట్టు లేచును, దురద పుట్టును. పొట్టు రాలిన తరువాత క్రిందినుండి గులాబిరంగు చర్మము బయటపడును. ఆ ఎఱుపు కొన్ని వారములు, పొర అంతయు తీసినవారికి కొన్ని నెలలు ఉండవచ్చును. లోపల కొలాజెన్ అల్లిక మాత్రము మూడు నాలుగు నెలలు, అంతకు మించియు సాగుచునే ఉండును. కావున పదిదినములకే అద్దము చూచుకొని, ఫలితము లేదని నిరాశపడుట తగదు.

ఇప్పుడు ప్రధానవిషయమునకు వత్తము. పైపొర లేని చర్మమున వెచ్చదనము, తడి, రసిలోని పోషకపదార్థములు మూడును ఉన్నవి. క్రిములకు ఇంతకన్న మంచి విందు లేదు. వచ్చు క్రిములు ముఖ్యముగా మూడు తెగలు.

మొదటి తెగ బాక్టీరియాలు. వీనిలో స్టెఫిలోకాకస్ అనునది పలువురి ముక్కురంధ్రములలో ఏ బాధయు కలిగింపక నివసించుచుండును. వ్రేలితో ముక్కును తాకి, ఆ వ్రేలితోనే చెంపను తాకినచో దానిని మనమే గాయమునకు చేర్చినట్లగును. సూడోమోనాస్ అనునది తడిచోట్లను, నిలువనీటిని ఆశ్రయించునది. అది సోకినచో స్రావమున పచ్చని ఛాయ, ఒకవిధమైన వాసన కనబడవచ్చును.

రెండవ తెగ వైరసు. కొందరికి జ్వరము వచ్చినప్పుడు పెదవి అంచున పొక్కులు పేలుట మనమెరిగినదే. దానికి కారణమైన హెర్పిస్ వైరసు ఒకసారి ప్రవేశించినచో నాడీమూలములలో జీవితాంతము నిద్రించుచుండును. లేజరు వేడిమి దానిని మేలుకొలుపవచ్చును. మామూలు చర్మముపై అది నీటిపొక్కులుగా కనబడును. పైపొరయే లేనిచోట పొక్కు కట్టుటకు వీలులేదు గనుక, చిన్న చిన్న గుండ్రని పుండ్లుగా మాత్రమే కనబడును. అందుచేత దానిని గుర్తించుట కష్టము. జుమజుమలాడుట, సూదులతో పొడిచినట్లుండుట, ఒకచోట నొప్పి అకస్మాత్తుగా హెచ్చుట దాని తొలిగుర్తులు.

మూడవ తెగ కాండిడా అను శిలీంధ్రము. ఇది సోకినచోట నొప్పికన్న దురద ఎక్కువ. ఎఱ్ఱని చర్మముపై తెల్లని పొరయో, చిన్న గుల్లలో కనబడును. మధుమేహము గలవారికి ఇది సోకు అవకాశము హెచ్చు.

ఈ మూడింటికి మూడు వేర్వేరు ఔషధములు. బాక్టీరియాను చంపు మందు వైరసును ముట్టదు. శిలీంధ్రము సోకినవాడు బాక్టీరియా మందును మ్రింగినచో అది తగ్గకపోగా పెరుగవచ్చును. ముఖముపై ఏమి కనబడినను మందుల దుకాణమునకు పోయి, దుకాణదారుడిచ్చిన మాత్రలు వేసికొనుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. వైద్యుడు దూదిపుల్లతో కొంచెము స్రావమును తీసి, పరీక్షకు పంపి, తగిన మందును నిర్ణయించును. సకాలమున చికిత్స జరిగినచో చాలవరకు గుర్తు మిగులక మానును. ఆలస్యమైనచో క్రిములు అంతశ్చర్మమును తినివేసి మచ్చ వేయును. పాత గుంటలు పూడ్చుకొనబోయి కొత్తగుంటలు తెచ్చుకొన్నట్లగును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి?

కావున జాగ్రత్త చికిత్సకు ముందే ఆరంభము కావలయును. పెదవిమీద ఎన్నడైనను పొక్కులు వచ్చినవా? గాయములు మానినచోట చర్మము ఉబ్బి గట్టిపడు స్వభావము కలదా? మధుమేహమున్నదా? మొటిమలకై ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడినారా? రోగనిరోధశక్తిని తగ్గించు మందులేవైనను వాడుచున్నారా? ఈ సంగతులన్నియు వైద్యునికి దాచక చెప్పవలయును. ముఖమంతటికి లోతైన చికిత్స చేయునప్పుడు, పెదవిపొక్కుల చరిత్ర లేనివారికి కూడ వైద్యులు వైరసు మందును ముందుగా ప్రారంభించి, చర్మము కప్పుకొనువరకు ఇచ్చుట వాడుక. రెండు దినములకు బాగుగనే ఉన్నదని ఆ మాత్రలను మధ్యలో మానరాదు. చికిత్స చేయువారు చర్మవైద్యులో, ప్లాస్టిక్ శస్త్రవైద్యులో అయియుండవలయును. తక్కువ సొమ్మునకు చేసెదమను అలంకారశాలలకు ముఖము నప్పగించుట మంచిది కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మొదటి నియమము చేతుల శుభ్రత. ముఖమును తాకుటకు ముందు ప్రతిసారియు సబ్బుతో, గోళ్ల సందులు కూడ శుభ్రపడునట్లు, చేతులు కడుగవలయును. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు వైద్యులచేత చేతులు కడిగించి బాలింతల మరణములను అమితముగా తగ్గించెను. నాటికిని నేటికిని అంతకన్న చవుకయైన మందు లేదు.

రెండవది ముఖము కడుగుట. వైద్యుడు చెప్పినన్ని పర్యాయములు, సాధారణముగా దినమునకు రెండునుండి ఐదుసార్లు, సెలైన్ నీటితో మెత్తగా కడుగవలయును. కొందరు వైద్యులు మిక్కిలి పలుచన చేసిన తెల్ల వెనిగరు నీటిని వాడుమందురు. ఆ పాలు వారు చెప్పినంతయే ఉండవలయును, చిక్కన చేసినచో చర్మము కాలును. బావినీరు, తొట్టినీరు, ట్యాంకులో నిలువయున్న నీరు ముఖమునకు తగిలింపరాదు. నిలువనీటిలోని కొన్ని క్రిములు వెంటనే బయటపడక, కొన్ని వారముల తరువాత గడ్డలుగా కనబడుట కూడ కలదు. కడిగిన పిమ్మట తువాలుతో రుద్దక, శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్దవలయును. ఆ గుడ్డను ఇంటిలో మరియొకరు వాడరాదు. దిండు గలీబును ప్రతిదినము మార్చవలయును. చెంపకు ఆనించుకొను చేతిఫోనును కూడ ఈ దినములలో దూరముగా ఉంచుట మేలు.

మూడవది లేపనము. గాయమును ఆరబెట్టవలెనని మన పెద్దలకు నమ్మకము. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై ప్రయోగముచేసి, పలుచని పొరతో కప్పి తడిగానుంచిన గాయము గాలికి విడిచినదానికంటె సుమారు రెండురెట్లు వేగముగా కప్పుకొనునని చూపెను. కారణము సులభముగా బోధపడును. ఎండి పక్కు కట్టినచోట కొత్తకణములు పక్కు క్రిందినుండి త్రవ్వుకొని పోవలసియుండును. తడినేలపై అవి నేరుగా ప్రాకగలవు. కావున వాసలీను వంటి స్వచ్ఛమైన లేపనమును, కడిగిన ప్రతిసారియు, ముఖము ఎండకుండునట్లు పలుచగా రాయవలయును. డబ్బాలో వ్రేలు ముంచక శుభ్రమైన పుల్లతో తీసికొనవలయును. నియోమైసిన్ కలిసిన లేపనములు కొందరికి పడక దద్దు లేపును, అది చూచి క్రిములు సోకినవని భ్రమపడుట కలదు. వైద్యుడు చెప్పని లేపన మేదియు వలదు. పొట్టును గోటితో గిల్లరాదు. పండిన ఆకువలె దానంతట అది రాలవలయును. పురుషులు చర్మము పూర్తిగా కప్పుకొనువరకు గడ్డము గీసికొనరాదు.

ఇచ్చట ఇంటిలోని పెద్దవారితో ఒక మాట మనవి చేయవలసియున్నది. ఎఱ్ఱబడిన ముఖమును చూచి ప్రేమతో పసుపు పూయుట, గంధము అరగదీసి పెట్టుట, వేపాకు నూరి పట్టించుట, కలబంద గుజ్జు రాయుట మన ఇండ్లలో సహజము. పసుపునకు వంటలో నున్న గౌరవమును మేము తగ్గింపము. కాని డబ్బాలోని పసుపులోను, సానరాతిమీది గంధములోను, రోటిలోని వేపముద్దలోను క్రిములు ఉండకపోవు. మామూలు చర్మము వానిని అడ్డగించును, ఈ చర్మము అడ్డగింపలేదు. కుంకుమను, అంటించు తిలకములను కూడ నొసటిచర్మము మానువరకు ఆపవలయును. తెల్లబరచునని అమ్ము క్రీములలో కొన్నింట స్టిరాయిడు మందు కలిసియుండును. అది మానుటను ఆలస్యముచేసి, క్రిములకు దారి తెరచును.

పథ్యము విషయమునను ఒక అపోహ కలదు. పప్పు తిన్నచో చీము పట్టునని పలువురు గాయపడినవారికి కారపు చారన్నము మాత్రమే పెట్టుదురు. చీము క్రిములవలన పట్టునుగాని పప్పువలన పట్టదు. కొత్తచర్మము కట్టుటకు మాంసకృత్తులు కావలయును. పప్పు, పెరుగు, పాలు, అలవాటున్నవారికి గ్రుడ్లు, చేపలు నిరభ్యంతరముగా పెట్టవచ్చును. మానవలసినది పొగాకు. చుట్టయైనను, సిగరెట్టయైనను చర్మమునకు రక్తప్రసారమును తగ్గించి గాయమును మాననీయదు.

ఇక అపాయపు గుర్తులు. ఈ విషయమున శ్రోతలు ఒక్క సూత్రమును జ్ఞాపకముంచుకొన్నచో చాలును. మంటయు, ఎఱుపును, రసియు దినదినమునకు తగ్గుచున్నచో గాయము మానుచున్నదని అర్థము. తగ్గినది మరల హెచ్చినచో, లేక మూడునాళ్లకును తగ్గక పెరుగుచునే యున్నచో, క్రిములు సోకినవని అనుమానింపవలయును. తేటగానున్న రసి పసుపుపచ్చని చీముగా మారుట, దుర్వాసన వచ్చుట, తేనెరంగు పక్కులు కట్టుట, ఒకచోట నొప్పి మిక్కుటమగుట, గుండ్రని పుండ్లు పడుట, తెల్లని మచ్చలతో దురద పెరుగుట, చలిజ్వరము వచ్చుట, ఇవన్నియు ఆనాడే వైద్యునికి తెలుపవలసిన గుర్తులు. కంటిచుట్టును నొప్పి, పుండ్లు, చూపు మసకబారుట కలిగినచో తెల్లవారువరకైనను ఆగరాదు. చికిత్స చేయించుకొన్న సంగతి బంధువులకు తెలియునేమోనని సిగ్గుపడి గదిలో తలుపు వేసికొని కూర్చుండువారు కొందరు కలరు. ముఖము చెడినపిమ్మట దాచగలిగిన రహస్యమేమున్నది? ఇంటిలో ఒక్కరికైనను ముందే చెప్పి, ప్రతి ఉదయము వెలుతురులో ముఖమును చూడుమని కోరుట వివేకము. తన నొప్పి తనకు తెలియునుగాని, చెవి ప్రక్క, దవడ క్రింద వచ్చిన మార్పు ఇతరులకే ముందు కనబడును.

క్రిములు సోకకపోయినను, మన చర్మమునకు మరియొక చిక్కు కలదు. చామనఛాయ, నలుపు చర్మములలో రంగునిచ్చు కణములు చురుకైనవి. గాయము మానిన మూడు నాలుగు వారములకు అవి అధికముగా రంగును తయారుచేసి ముఖముపై గోధుమరంగు మచ్చలు తెప్పింపవచ్చును. ఇవి చాలవరకు నెలలమీద తగ్గునవే గాని, ఎండ తగిలినచో నిలిచిపోవును. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని సామెత. అట్టి ఎండలో లేత చర్మము ఏమి కావలయును? కావున వీలైనంతవరకు వేసవిలో ఈ చికిత్సను తలపెట్టకుండుట మంచిది. చర్మము కప్పుకొనువరకు నీడనే ఉండి, పిమ్మట వైద్యుని అనుమతితో, రక్షణసంఖ్య 30కి తగ్గని సన్‌స్క్రీనును రాసికొని, గొడుగో వెడల్పు అంచు టోపీయో వాడి, కొన్ని నెలలు ఎండనుండి తప్పుకొనవలయును.

పెండ్లి ముహూర్తము నిశ్చయమైన పిమ్మట, పదునైదు దినములలో ముఖము బాగుచేయుమని వైద్యుని అడుగు తలిదండ్రులు కొందరుందురు. ఆ పదునైదు దినములకు చర్మము కప్పుకొనవచ్చునేమో గాని, ఎఱుపు తగ్గదు. ఆపైన మంగళస్నానమునకు నలుగుపిండితో రుద్దుదురు, పసుపు పూయుదురు, హోమపు సెగ తగులును, అలంకారపు రంగులు పట్టింతురు. లేతచర్మము ఇవి ఏవియు ఓర్వలేదు. పెండ్లికి కనీసము ఆరునెలల ముందు చేయించుకొనవలయును. అంత వ్యవధి లేనిచో పెండ్లి అయిన తరువాతనే చేయించుకొనవలయును. ముఖమున నాలుగు గుంటలున్న వధువును చూచి వెనుదీయు వరునికై, తొందరపడి ఆ పిల్ల ముఖమును అపాయమునకు ఒగ్గుట కన్నవారికి తగినపని కాదు.

లేజరు చేయునది పాతపొరను తీయుట మాత్రమే. కొత్తపొరను కట్టునది శరీరము. దానికి కావలసినవి శుభ్రమైన చేతులు, తడియారని లేపనము, నీడ, కొంత ఓపిక. వీనిలో ఒక్కటియు ఎక్కువ ఖర్చుతో కూడినది కాదు. ఇంటివారందరు కలిసి రెండు వారములు ఈ చిన్న నియమములను పాటించి, అనుమానము కలిగిననాడు సందేహింపక వైద్యుని చూచినచో, చాలమందికి ఈ చికిత్స ఏ చిక్కును లేకుండ ముగియును.